మస్కట్టు ఏ గణం?

మొన్న రాజోలు దగ్గర ఒక పల్లెలో పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన ఒక ఆడపిల్ల కూర్చుంది. వడ్డించినవన్నీ ఒక్కొక్కటే ఫోనుకి చూపిస్తోంది. "ఇదిగోనమ్మా పనసపొట్టు కూర. ఇది బూరె. నెయ్యి ఇంకా రాలేదు." ఫోన్లోంచి వాళ్ళమ్మ "ముందు తినవే, చల్లారిపోద్ది" అంటోంది, కువైట్ నుంచి. మాటలయ్యాక, ఏం చదువుతున్నావమ్మా అని అడిగాను. "ఎనిమిదండి" అంది బూరె నోట్లో పెట్టుకుని.

ఎనిమిదో తరగతి, గల్ఫులో అమ్మ. ఈ రెండూ కలిసి వినపడ్డాయంటే ఇంక ఆ పూట నాకు వేరే ధ్యాస ఉండదు. పెరుగు వడ్డించారో లేదో కూడా గమనించకుండా చెయ్యి కడుక్కుని లేచాను.

నేను తెలుగు పండిట్‌ని. ఉద్యోగంలో ఎక్కువ భాగం గోదారి పాయ వశిష్ఠ అవతల, సఖినేటిపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గడిచింది. అప్పట్లో అటువైపు చాలా ఊళ్ళకి ఏడు వరకే బడి. ఏడో తరగతి పరీక్ష గట్టెక్కినవాళ్ళు జూన్‌లో కాలువ గట్లమ్మట నడిచో, ఒకే సైకిలు మీద ముగ్గురెక్కో మా బడికి వచ్చేవాళ్ళు. వాళ్ళకి హైస్కూలు మొదటి ఏడాదంటే అదే. పదో తరగతి తెలుగు సీనియర్ మాస్టారిది. పబ్లిక్ పరీక్ష, రిజల్టు, ఆ టెన్షన్ అంతా ఆయనది. ఎనిమిది ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఏటా నాకే వచ్చేది. నేనూ వద్దనలేదు. అడిగేవాళ్ళు లేని క్లాసులో పాఠం చెప్పుకునే సుఖం పదో తరగతి మాస్టార్లకి తెలియదు.

మొదటి వారం ఏ ఊరి వాళ్ళు ఆ ఊరి బెంచీలోనే కూర్చునేవాళ్ళు. మగపిల్లలకి చాలామందికి మొదటిసారి ప్యాంటు. మాటిమాటికీ పైకి లాక్కుంటూ ఉండేవాళ్ళు. ఇంకో సంగతి, అది గొంతులు మారే వయసు. పద్యం అందరిచేతా కలిపి చదివిస్తే మొదటి పాదం చిన్నపిల్లల గొంతుతో ఎత్తుకుని, మూడో పాదానికి సగంమంది గొంతులు బొంగురుపోయేవి. నాలుగో పాదం ఆడపిల్లలే లాక్కొచ్చేవాళ్ళు. నవ్వు ఆపుకుంటూ రాగం తీయడం ఎంత కష్టమో చెప్పలేను.

* * *

నేనుండేది నరసాపురం. పొద్దున్నే మాధవాయిపాలెం రేవుకి వెళ్ళి పంటు ఎక్కాలి. పంటు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు పడవల్ని పక్కపక్కన జతకట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను పెడతారు. దాని మీద మనుషులు, సైకిళ్ళు, అరటిగెలలు, ఎండుచేపల తట్టలు, ఒక్కోసారి జీపు, ఒక్కోసారి పెళ్ళివారు. సముద్రం దగ్గర కావడంతో అక్కడ గోదారికి పోటూ పాటూ ఉంటాయి. పాటు బాగా తీసిన రోజు ఇసుక మేట తగిలి పంటు నడిమధ్యలో ఆగిపోయేది. జనం విసుక్కునేవాళ్ళు. నాకు మాత్రం నాలుగు పుస్తకాలు ఎక్కువ దిద్దుకోవడానికి వీలయ్యేది.

నా కాంపోజిషన్ దిద్దుడంతా పంటు మీదే. కొబ్బరి తాడుతో కట్టిన పుస్తకాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎర్రసిరా పెన్ను తీసేదాన్ని. పంటు మీద ఏ విషయమూ గుట్టుగా సాగదు. టిక్కెట్లు కోసే ఆయన వంగి చూసి "ఈయాల ఎవరికండీ సున్నా?" అనేవాడు. ఒకసారి చేపలమ్మే ఆవిడ, వాళ్ళబ్బాయి పుస్తకం నా చేతిలో చూసి, "ఆడు రాసింది సదవండి టీచరుగారూ, ఇంటాను" అంది. చదివాను. అది వ్యవసాయం గురించి గైడులోంచి దింపిన వ్యాసం. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఇందులో మా వోడెక్కడున్నాడండీ?" అంది.

ఆ ప్రశ్న మీద చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను.

* * *

ముందు సొంతవాక్యాల సంగతి చెప్పాలి. తెలుగు పేపర్లో అది చిన్న ప్రశ్న. ఒక మాట ఇచ్చి, దాన్ని సొంతవాక్యంలో ప్రయోగించమంటారు. గైడుల్లో దానికీ జవాబులుండేవి. 'కాలధర్మం చెందు' అనే మాటకి ఏ మహారాజో, ఏ మహాత్ముడో పోయినట్టు రాస్తారు. మా బళ్ళో ఒకడు గైడు కొనుక్కోలేక నిజంగానే సొంతవాక్యం రాశాడు. "మా గేదె శుక్రవారం కాలధర్మం చెందినది." 'తామరతంపర'కి ఇంకొకడు "మా మంచంలో నల్లులు తామరతంపరగా ఉన్నాయి" అన్నాడు. 'గగనకుసుమం'కి "రేషన్ షాపులో కిరసనాయిలు". ఆ పిల్ల వాక్యం కూడా పూర్తి చెయ్యలేదు, అక్కడితో ఆపేసింది. ఇంకా చెప్పడానికేముంది మరి. మార్కు వేశాను.

ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆ పుస్తకాలు తిరగేసి, గేదె దగ్గర ఆగారు. "ఇదేం భాషమ్మా, పిల్లల చేత ఇలాంటివా రాయించడం?" అన్నారు. భాష తప్పేం లేదండి, గేదె నిజంగానే పోయింది, అన్నాను. ఆయన మెచ్చుకోలేదు. ఇంకో పుస్తకంలో 'వచ్చేశాడు' అన్న మాటకి సున్నా చుట్టి, "గ్రామ్యం" అని పక్కన రాసి వెళ్ళారు. అదే పెద్దాయన, ఆగస్టు 29న గిడుగు వారి జయంతి సభలో వాడుకభాష గొప్పతనం మీద గంటసేపు మాట్లాడారని తర్వాత తెలిసింది. పోనివ్వండి.

* * *

ఎనిమిదిలోనే గురులఘువులు మొదలయ్యేవి. చాలామంది పిల్లలకి తెలుగంటే భయం పట్టేది ఇక్కడే, నాకేమో తెలుగు మీద ప్రేమ పుట్టిందిక్కడే. పొట్టి అక్షరం లఘువు. దీర్ఘమైనా, సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా, పక్కన ఒత్తక్షరం ఉన్నా గురువు. గురువుకి వంపు గీత, లఘువుకి నిలువు గీత. 'యమాతారాజభానసలగం' అని ఒక్క మాట నోటికి పట్టించేస్తే ఎనిమిది గణాలూ అందులోనే దొరుకుతాయి. ఏ గణం కావాలో ఆ అక్షరం నుంచి మూడక్షరాలు తీసుకోవడమే. 'తారాజ'. రెండు గురువులు, ఒక లఘువు. అది తగణం.

పుస్తకంలో ఇచ్చిన పద్యానికి గణవిభజన చెయ్యమంటే క్లాసు నిద్రపోయేది. అందుకని ముందు వాళ్ళ పేర్లకి, ఊళ్ళకి, చేపలకి చేయించేదాన్ని. 'కొబ్బరి' భగణం. 'లంకలు' కూడా భగణమే. 'పులస' నగణం, మూడూ లఘువులే. అంత ఖరీదైన చేపకి ఒక్క గురువైనా లేకపోవడం అన్యాయమని ఒకడు వాదించాడు.

అప్పుడు మధ్య బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. ఏడాదంతా నోరు విప్పని రకం. "మస్కట్టు ఏ గణమండీ?" అన్నాడు. వాళ్ళమ్మ అంతకుముందు వేసవిలోనే వెళ్ళిందని తర్వాత తెలిసింది. బోర్డు మీద రాశాను. 'మ' పక్కన ఒత్తక్షరం, గురువు. 'స్క' పక్కన ద్విత్వం, గురువు. 'ట్టు' లఘువు. "తగణం" అని క్లాసంతా అరిచింది. వెనకనుంచి ఒక ఆడపిల్ల, తలెత్తకుండానే, "గోదారి కూడా తగణమేనండి" అంది. రాజోలూ తగణమే అన్నారు ఇంకెవరో. ఇక ఆగలేదు. కువైటు జగణం, దుబాయి జగణం, వశిష్ఠ జగణం. ఎవరి అమ్మ ఎక్కడుందో ఆ ఊరు చెబుతున్నారు, గీతలు గీస్తున్నారు, తప్పు చెప్పినవాడి మీద పడి అరుస్తున్నారు. హెడ్మాస్టారు గోల విని గుమ్మం దాకా వచ్చారు. బోర్డు మీద గల్ఫు దేశాల పేర్లు చూసి, "ఇది సోషలా తెలుగా టీచరుగారూ?" అని అడిగి వెళ్ళిపోయారు.

తలెత్తకుండా జవాబు చెప్పిన ఆ పిల్ల సంగతి కూడా చెప్పాలి. బెంచీ కింద ఒళ్ళో పెట్టుకుని లేసు అల్లేది. మా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి లేసు ఎలాంటిదో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పిన పని, ఇంటింటికీ పాకింది. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లినది పట్టుకెళ్ళి లెక్క కట్టి డబ్బులిస్తాడు. ఆ లెక్కలో అల్లినవాళ్ళకి మిగిలేది ఎప్పుడూ తక్కువే. మొన్న 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో పడినప్పుడు, ఆ పిల్ల వేళ్ళే గుర్తొచ్చాయి. చూపుడువేలి మీద దారం ఒరుసుకుని పడిన గీత, కాయ కాసి ఉండేది.

క్లాసులో అల్లొద్దని మొదట్లో అన్నాను. "చెవులు ఖాళీయేనండి" అంది. నిజమే. లెక్కల పీరియడ్లో ఏమోగాని, పద్యం వినడానికి చేతులతో పనేముంది? అల్లుకోనిచ్చాను. తొమ్మిదిలో చెప్పాల్సిన యతిస్థానాలు, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ అక్షరం పడాల్సిన చోట్లు, ఒకరోజు ఊరికే నోరూరించడానికి చెప్పాను. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. మిగతావాళ్ళు వేళ్ళు మడుస్తూ తడబడుతుంటే, ఈ పిల్ల పద్యం ఒకసారి వినేసి యతి ఎక్కడ పడిందో చెప్పేసింది. ఎలాగమ్మా అంటే, "ఇన్ని గొలుసులయ్యాక ఇక్కడ తిప్పాలని ఉంటది కదండీ, అలాగే" అంది. ఛందస్సుని అంతకంటే తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు, మా పండిత శిక్షణ కళాశాలతో సహా.

కంఠస్థం అంటే ఇప్పుడందరికీ చులకన. నేను మాత్రం చివరిదాకా పద్యాలు నోటికి పట్టించాను. చుక్క గుర్తు పెట్టిన పద్యాలే కాదు, పెట్టనివి కూడా. అర్థం తర్వాత వస్తుంది, ఒక్కోసారి పెళ్ళయ్యాక వస్తుంది. కాని ఆ వయసులో నోటికి పట్టకపోతే ఇక పట్టదు. కవుల ఊళ్ళు చెప్పడం కూడా నాకు ఇష్టం. ఆదికవి రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో ఉండేవాడ్రా, మన గోదారి గట్టునే రాశాడు అంటే ఒకడు, "ఏ రేవండీ?" అని అడిగాడు. బోయి భీమన్నగారు 1911లో మన మామిడికుదురులో పుట్టారన్నప్పుడు మాత్రం క్లాసులో ఒక పక్కంతా నిటారుగా కూర్చుంది. "మా అమ్మమ్మగారి ఊరండి" అన్నాడు ఒకడు. పుస్తకాల్లో ఉండేవాళ్ళు బస్సెక్కి వెళ్ళగలిగే ఊళ్ళో పుడతారని వాడు అనుకోలేదు.

* * *

ఇక అసలు సంగతి, రాయించడం.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికే వాళ్ళు గైడు భాషకి అలవాటుపడి ఉండేవాళ్ళు. ఏ వ్యాసమైనా "మానవుడు సంఘజీవి" అని మొదలయ్యేది. పొదుపు గురించైనా, పండుగ గురించైనా మానవుడు సంఘజీవే. "మా ఊరి రేవు" అని ఇస్తే, గైడులో లేదు కాబట్టి తెల్లకాగితం ఇచ్చేవాళ్ళు. పొద్దున లేస్తే ఆ రేవులోనే మునిగే పిల్లలు.

అలాంటి రోజుల్లో ఒకడి తెలుగు నోట్సులోంచి నీలం రంగు ఎయిరోగ్రాం జారి కింద పడింది. వాళ్ళమ్మకి రాస్తున్న ఉత్తరం, పోస్టు చెయ్యాల్సింది. అంటించలేదు. ఇవ్వబోతుంటే, "చదవండి టీచరుగారూ, తప్పులుంటే దిద్దండి" అన్నాడు. చదివాను. మొదటి రెండు వరుసలూ వాళ్ళ మామ్మ చెప్పి రాయించినవి, ఉభయకుశలోపరి, మేమంతా క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాం. మూడో వరుస నుంచి వాడిదే.

"నువ్వు పంపిన టేపు పెట్టుకుంటే వాన వచ్చింది. కొత్త రేకుల మీద చప్పుడుకి నీ మాట వినపడలేదు. మామ్మ వాన తగ్గేదాకా టేపు ఆపించింది. తగ్గాక మళ్ళీ మొదటినించీ పెట్టించింది. చెల్లి నీ దగ్గు దగ్గర నవ్వింది. మామ్మ నవ్వలేదు. నీకు అక్కడ దగ్గు మందు ఇస్తారా అని అడగమంది."

అప్పట్లో గల్ఫు వెళ్ళినవాళ్ళు క్యాసెట్లో మాటలు నింపి, వచ్చేపోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

ఒక్క అక్షరం దిద్దలేదు. ఇంత బాగా రాశావు కదా, మరి నా కాంపోజిషన్లో గైడు ఎందుకు దింపావురా అన్నాను. వాడు నావైపు అయోమయంగా చూశాడు. "అది ఉత్తరమండి. ఇది తెలుగండి" అన్నాడు.

ఆ తర్వాత కాంపోజిషన్ పీరియడ్ పద్ధతి మార్చేశాను. మొదటి పావుగంట విన్నమాట రాయాలి. నిన్న సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుట దాకా ఇంట్లోనో, రేవులోనో, సైకిలు షాపులోనో ఎవరన్నా అన్న మాట ఒకటి, అన్నది అన్నట్టు. తీపి చెయ్యకూడదు, దిద్దకూడదు. వ్యాసమైతే మొదటి వాక్యంలో మీ ఊళ్ళో ఉన్న మనిషో, వస్తువో, జంతువో ఉండి తీరాలి. మానవుడు కుదరదు, ఏ మానవుడో చెప్పాలి. రాసినవాడు నిలబడి చదివితే, విన్నవాళ్ళు బాగుందీ బాగోలేదూ అనకూడదు. ఒక ప్రశ్న అడగాలి. "కొబ్బరి దింపుకి వచ్చిన ఆయన పడ్డాడన్నావు, మరి కత్తి ఎక్కడ పడింది?" ఇలాంటివి. ఆ ప్రశ్నకి జవాబు రాసుకొస్తే వ్యాసం రెండింతలయ్యేది, నేను ఏమీ చెప్పకుండానే.

అయినా పరీక్షల్లో గైడే రాసేవాళ్ళు చాలామంది. వాళ్ళ తప్పేం లేదు. పేపర్లో "విహారయాత్రకు డబ్బు పంపమని కోరుతూ తండ్రికి లేఖ" అని వస్తే, "నాన్నకెందుకండీ, డబ్బు పంపేది అమ్మ కదా" అని పరీక్ష హాల్లోనే లేచి అడిగింది ఒక పిల్ల. తండ్రికే రాయమని చెప్పాను. ఏం చెయ్యను, మార్కులు తండ్రికే ఉన్నాయి.

* * *

1996 నవంబరు తుఫాను దీపావళి ఇంకో నాలుగు రోజులుందనగా వచ్చింది. మా వైపు కొంత నయం. ముమ్మిడివరం, కాట్రేనికోన వైపు కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. మనుషులు ఎంతమంది పోయారో ఆ రోజుల్లో ఎవరూ లెక్కగా చెప్పలేకపోయారు. బడి తెరిచేసరికి మా స్టాఫ్ రూమ్ కప్పు లేదు. బీరువాలో కాంపోజిషన్ పుస్తకాలు తడిసి లావుగా ఉబ్బిపోయాయి. ప్రహరీ గోడ మీద వరసగా తెరిచి ఆరబెట్టాం. సిరాతో రాసినవాళ్ళవి నీలంగా అలికేసినట్టు పోయాయి. బాల్‌పెన్నుతో రాసినవి మిగిలాయి. బాల్‌పెన్నుతో రాస్తే దస్తూరీ పాడవుతుందని అప్పటిదాకా తిట్టేదాన్ని.

ఆ నెలాఖరులో ఒక కొత్త కుర్రాడు చేరాడు. అటువైపు ఊరు, ఇక్కడ మేనమామ ఇంట్లో ఉంటున్నాడు. ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలో వ్యాసం తుఫాను మీదే ఇచ్చారు. గైడులో "ప్రకృతి వైపరీత్యాలు" ఉండనే ఉంది. ప్రకృతిమాత కన్నెర్ర చేసింది, జనజీవనం అతలాకుతలమైంది, పేపర్ల నిండా అవే. కప్పు లేని బళ్ళో కూర్చుని పిల్లలు ప్రకృతిమాత గురించి రాశారు. ఈ కొత్తవాడి పేపర్లో సగం పేజీ ఉంది.

"మాకు ముప్పై ఆరు చెట్లు. ముప్పై ఒకటి పడ్డాయి. ఐదు నిలబడ్డాయి గాని మొవ్వులు లేవు. అవి కూడా ఎండిపోతాయి అని మా తాత చెప్పాడు. చెట్టు పడితే చప్పుడు వస్తుంది. ఆ రోజు రాలేదు. గాలి చప్పుడే ఉంది. తెల్లారి చూస్తే మా అరుగు మీదనించి చెరువు కనపడింది. ఎప్పుడూ కనపడేది కాదు."

క్లాసులో చదివి వినిపించనా అని అడిగాను. "వద్దండి" అన్నాడు. చదవలేదు. రాసిపెట్టుకుంటానంటే మాత్రం ఊరుకున్నాడు. పైన రాసింది ఆ కాగితంలోంచే.

కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ తినడానికేదో ఒకటి చెయ్యాలి కదా. తర్వాతి ఏడు నా ఎనిమిదో తరగతిలో అమ్మలు ఊళ్ళో లేని పిల్లలు ఇంకా ఎక్కువయ్యారు. వాడు తొమ్మిదికి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడని విన్నాను.

* * *

మా బడికి కాలెండరు వేరే ఉండేది. వరద వస్తే పంటు ఆపేస్తారు. సైన్సు టీచరుగారి ఇంట్లోనే నాలుగైదు రాత్రులు. వాళ్ళత్తగారు రోజూ పొద్దున "గోదారి తీసిందా?" అని అడిగేది, నన్ను పంపేయడానికి కాదు, పనసగింజల కూర చేయాలా వద్దా అని. కనుమ మర్నాడు ప్రభల తీర్థం చూసొచ్చినవాళ్ళు నిద్రపోతుండేవాళ్ళు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థమంటే వారంపాటు హాజరు పట్టీ నిండా సున్నాలు. నేనూ తిట్టడం మానేసి, "తీర్థంలో కొనాలనుకుని కొననిది" అని వ్యాసం ఇచ్చేదాన్ని. కొన్నవాటికంటే అవి చాలా బాగుండేవి. ఒక పిల్ల వాచీ గురించి రాసింది, బొమ్మవాచీ కాదు, నిజం వాచీ. బేరమాడి, ఆడి, చేతికి పెట్టుకుని చూసుకుని, టైము సరిచేసి, తిరిగిచ్చేసిందట. షాపువాడు అడిగితే, "మీ వాచీ ఐదు నిమిషాలు వెనకుంది, సరిచేశాను" అందట.

ఇప్పుడు చించినాడ దగ్గర వంతెన ఉంది, రాజోలు వెళ్ళడానికి గోదారి దాటుతున్నట్టే తెలియదు. ఎయిరోగ్రాములు లేవు. టేపులు లేవు. ఇది మంచిదే, రోజూ అమ్మ మొహం కనపడుతోంది కదా. ఉత్తరాలు పోయాయని ఏడ్చేవాళ్ళు ఎవరూ ఆ ఉత్తరాల కోసం మూడు వారాలు ఎదురుచూసినవాళ్ళు కాదు. కాని ఆ ఫోన్ మాటల్ని కాగితం మీద పెట్టించే టీచరు ఎక్కడైనా ఉంటే బాగుండునని మాత్రం ఆ పెళ్ళిలో అనిపించింది. నెయ్యి ఇంకా రాలేదు అన్న ముక్క ఉందే, అది నా విన్నమాటల పుస్తకంలోకి వెళ్ళాల్సింది.

ఆ పుస్తకాలేమయ్యాయని అడుగుతారేమో. ఏడాది చివర కాంపోజిషన్ పుస్తకాలన్నీ స్కూలు తరఫున కిలోల లెక్కన అమ్మేసేవాళ్ళు. నాకు నచ్చినవి కొన్ని ముందే దాచుకునేదాన్ని, మిగతావి బస్తాల్లో వెళ్ళిపోయేవి. ఒక వేసవి సాయంత్రం, సఖినేటిపల్లి రేవులో పంటు ఆలస్యమై, బండి మీద మిరపకాయ బజ్జీలు తీసుకున్నాను. పొట్లం విప్పితే నా ఎర్రసిరా. గుండ్రటి అక్షరాలతో "మా ఊరి చాకలిరేవు", పక్కన నేనే రాసిన ప్రశ్న, "బండ ఎవరు తెచ్చి వేశారు?" నూనె పట్టి సగం కనపడటం లేదు. జవాబు వెనకపేజీలో రాసి ఉంటుందని తిప్పాను. లేదు, అది ఇంకో కాగితంలో ఉంటుంది. బజ్జీలాయన్ని అడిగి, పొట్లాలకి కోసి పెట్టుకున్న కాగితాల దొంతర తీయించి, అక్కడే బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ వెతికాను. ఎవరి ప్రభలతీర్థమో వచ్చింది, ఎవరి కోడిపుంజో వచ్చింది. బండ రాలేదు. ఈలోగా పంటు వచ్చింది, వెళ్ళింది.

"మళ్ళీ దిద్దుతున్నారాండీ?" అన్నాడు బజ్జీలాయన. "మీరలా అన్నీ చదూతుంటే బేరం ఎలాగండి, జనం చూడండి." ఇంకో రెండు రూపాయల బజ్జీలు కట్టమన్నాను. ఈసారి కాగితం నేనే ఏరి ఇచ్చాను.